మధ్యలోంచి నడవని మాస్టారు

మా సండేస్కూలు మాస్టారు ఎండబెట్టిన కొబ్బరిచిప్పల మధ్యలోంచి ఎప్పుడూ నడిచేవారు కాదు. మా వాకిట్లో చిప్పల మధ్య దారి వదిలినా సరే, పంచె ఎత్తిపట్టుకుని పక్కనే నీళ్ళు పారే బోదె బురదలో దిగి, చుట్టూ తిరిగి వచ్చేవారు. ఒకసారి నవ్వుతూ అడిగేశాను, ఎందుకలా అని.

ఆయన నవ్వలేదు. "బైబిల్లో నిబంధనంటే ఉత్త ఒప్పందం కాదమ్మా, ప్రాణం ఒడ్డి చేసే ప్రమాణం. పూర్వం పశువుని రెండుగా నరికి, చెరో పక్కన పెట్టి, మధ్యలోంచి నడిచేవారు. మాట తప్పితే నన్నూ ఇలాగే చీల్చెయ్యండని దానర్థం. అబ్రాహాముతో నిబంధన చేసినప్పుడు దేవుడొక్కడే నడిచేడు. అబ్రాహాముని నడవనివ్వలేదు."

"ఎందుకండీ?"

"నడిస్తే మిగలడని తెలుసు కనక." అటూ ఇటూ రెండుగా చీలి ఉన్న చిప్పలకేసి చూస్తూ పంచె దించుకున్నారు.

నా పెళ్ళిరోజున అమలాపురంలో, చర్చి గుమ్మం దగ్గర నా తలమీద చెయ్యిపెట్టి, "చూసి నడవమ్మా" అన్నారు. తను మాత్రం చుట్టూ తిరిగి పక్కగుమ్మంలోంచి వెళ్ళారు. లోపల ఒకపక్క మగవాళ్ళు, ఒకపక్క ఆడవాళ్ళు, మధ్యలో సన్నటి దారి. నాన్న చెయ్యిపట్టి లాగుతున్నా నా కాలు లేవలేదు.

చివరికి నడిచాననుకోండి. ఇవాళ్టికీ మా ఆయనతో గొడవపడి, సంచీ సర్దుకుని గుమ్మందాకా వస్తే, వాకిట్లో కొబ్బరిచిప్పలు కనిపిస్తాయి, తెల్లగా, రెండుగా చీలి. సంచీ కింద పెట్టేస్తాను.