సాయంత్రం సాఫ్

హైదరాబాద్ కంపెనీకి నారాయణఖేడ్‌లోని మా ఇంటి నుంచే పనిచేయడానికి నాకు అనుమతి ఉండేది, పనిలో తేడా రానంతవరకు. వస్తే నేను నగరంలో, విత్తనాల దుకాణం నడిపే మా ఆయన, రెండో తరగతి చదివే పాప ఇక్కడ. అందుకే ఒళ్లు దగ్గర పెట్టుకుని కోడు రాసేదాన్ని.

మాది రైతులకు వాతావరణం చెప్పే యాప్. పొద్దును బట్టి ఫోన్ తెర మీద ఆకాశపు రంగులు మారాలి. మధ్యాహ్నపు నీలం సాయంత్రపు నారింజలోకి దిగేటప్పుడు నడుమ బూడిద రంగు తేలేది. ఒక రంగుల వరుస మీద ఇంకోటి పరిచి, పైదాన్ని మెల్లగా మాయం చేస్తూ, మధ్యలో లేత గులాబీ కలిపి ఆ బూడిదను వదిలించాను. వారమంతా కిటికీ అవతలి సాయంత్రాన్ని చూడకుండా ఈ సాయంత్రాన్ని తయారు చేశాను.

అప్పుడు మా టీమ్ లీడర్ ఫోన్ చేశాడు. హారన్ల మోతలో మాట ముక్కలుగా వచ్చింది.

"సాయంత్రం... సాఫ్... చేసెయ్యమ్మా."

మా దగ్గర సాఫ్ చేయడమంటే తుడిచిపెట్టడమే, గిన్నె అయినా గోడ అయినా. చెప్పి చేయించిన పనిని తీసేయించడం ఆయనకు కొత్త కాదు. రంగులు మార్చడం మా యాప్ కన్నా ఆయనకే బాగా వచ్చు. పళ్లు కొరుక్కుంటూ సాయంత్రాన్ని మొత్తం తుడిచేశాను. బూడిద మీద పడ్డ పాటంతా బూడిదలో పోసిన పన్నీరైంది.

మరునాడు మళ్లీ ఫోన్.

"సాయంత్రం ఏదమ్మా? మధ్యాహ్నం నుంచి ఒక్కసారిగా చీకటి పడుతోంది."

"మీరే సాఫ్ చెయ్యమన్నరు కద సార్."

"సాఫ్ట్ అన్నాను. ఇంకాస్త మెత్తగా మారాలని. ఊళ్లో కూచుంటే ఇంతే. సోమవారం నుంచి ఆఫీసుకి వచ్చెయ్."

ఒళ్లు మండిపోయింది. నిన్నటి ఫోన్‌లో హారన్లు మోగింది ఆయన వైపు. కార్లో పోతూ మాట్లాడింది ఆయన. ట వత్తును మింగింది ఆయన రోడ్డు, నింద పడింది మా ఊరి టవర్ మీద. ఒక్క వత్తు జారినందుకు నేను ఇల్లు వదలాలట.

మా ఆయన అన్నానికి వచ్చి నా ముఖం చూశాడు.

"ఏందే, గట్ల ఎర్రగైనవ్?"

"రంగులు జల్దీ మారుతున్నయ్."

"మీ సార్ పట్నం రమ్మన్నడా? ఇగ పోవుడేనా?"

"పోను."

తుడిచిన కోడు పాత ప్రతిలో భద్రంగానే ఉంది. తిరిగి పెట్టి, మార్పును ఇంకొంచెం నిదానం చేసి పంపాను. కింద రాశాను: "సాయంత్రం వచ్చింది. నేను రాను. ఇకపై ఏది చెప్పినా రాసి పంపండి, వత్తులతో సహా."

జవాబొచ్చింది: "బాగుంది. అక్కడి నుంచే చెయ్యి."

సాఫో సాఫ్టో, మాఫ్ చెయ్యమన్న మాట మాత్రం ఆ జవాబులో లేదు. ఫోన్లో అని ఉన్నా, ఆ పూట మా టవర్‌కు అందేది కాదు.