మంచం తలాపుతో మా వదిన చేసిన బేస్ గిటార్

మా వదిన ఒకసారి కాలిపోయిన సీలింగ్ ఫ్యానుకి తీగ చుడితే, ఆ ఫ్యాను ఆగడం మరిచిపోయింది. స్విచ్ ఆపేశారు, ఆగలేదు. ఫ్యూజు పీకేశారు, ఆగలేదు. చివరికి ఆ ఇంట్లోవాళ్ళు విసుగెత్తి ఇల్లు ఖాళీ చేశారు. కొత్తగా దిగినవాళ్ళు కరెంటు మీటరు తీసేయించుకుని, దాని కింద హాయిగా నిద్రపోతున్నారు. ఈ సంగతి నేను చాలామందికి చెప్పాను. కొందరు నమ్మారు కూడా. నమ్మినవాళ్ళంతా తమ ఫ్యాన్లు చంకన పెట్టుకుని మా షాపుకే వచ్చారు కాబట్టి నా కోతల వల్ల ఇంటికి నష్టమేమీ లేదని మనవి.

మాది మోటార్ వైండింగ్ షాపు. సగం ఎత్తిన షట్టరు, లోపలంతా వార్నిష్ వాసన, గోడ నిండా మేకులు, మేకులకు రాగి తీగ చుట్టలు. కౌంటరు దగ్గర మా అన్నయ్య కూర్చుంటాడు. భుజాలు, మీసం, బొంగురు గొంతు అన్నీ ఉన్న మనిషి. వచ్చినవాళ్ళు ఆ మీసాన్ని చూసి, “మేస్త్రీ, ఈ మోటారు కాస్త చూడండి” అంటారు. అన్నయ్య బొటనవేలు వెనక్కి చూపిస్తాడు. వెనక, బల్బు కింద తల వంచుకుని, కాయిల్ చుడుతూ ఉండే మనిషే మేస్త్రి. ఆవిడే మా వదిన. ఇక నేను, కాలేజీకీ నాకూ పడక బయటికొచ్చి, ఆ ఇద్దరి మధ్య స్క్రూడ్రైవర్లు అందిస్తూ, కస్టమర్లకు కబుర్లు చెబుతూ ఉంటాను. షాపు నడిచేది కబుర్ల మీదేనని నా నమ్మకం. వదిన నమ్మకం వేరు.

బేస్ గిటార్ మా వదిన జీవితంలోకి టేబుల్ ఫ్యాను వెంట వచ్చింది. ఊళ్ళో ఉన్న ఒకే ఒక బ్యాండులో బేస్ వాయించే లిఫ్ట్ ఆపరేటరు, తన ఫ్యాను తీసుకెళ్ళడానికి వచ్చి, గిటారు బల్ల మీద పెట్టి టీకి వెళ్ళాడు. నాలుగే తీగలు, అవీ లావుపాటివి. వదిన అన్నిటికన్నా లావు తీగను వేలితో ఒక్కసారి లాగింది. గుమ్మంటూ మోగింది. ఆ మోత ఆగేదాకా చెవి ఒగ్గి విని, “ఈ మోటారుకి బేరింగు బాగుంది” అంది. మెచ్చుకోవాలంటే ఆవిడకు తెలిసిన మాట అదే.

ఆ తర్వాత ఆదివారాలు ఆయన దగ్గర నేర్చుకుంది. ఆయనకు డ్యూటీ పడ్డప్పుడల్లా ఆయన గిటారుతో బ్యాండులో ఈవిడే కూర్చునేది. ఏడాది తిరిగేసరికి ఆయనకు బదిలీ అయింది. గిటారు ఆయనతో వెళ్ళింది, కుర్చీ మిగిలింది.

బ్యాండు పెద్ద ఆర్గన్ వాయిస్తాడు. పగలు కళ్ళజోళ్ళ షాపు కాబట్టి ఆయన్ని అందరూ కళ్ళద్దాల మాస్టారు అంటారు. ఆయన వదినతో, “కుర్చీ నీదే అమ్మా. కానీ వాయిద్యం నువ్వే తెచ్చుకోవాలి. బ్యాంకు గుమాస్తా ఒకాయన కొత్త ఎర్ర గిటారు కొనుక్కుని నా చుట్టూ తిరుగుతున్నాడు. ప్రెస్సువాళ్ళ వార్షికోత్సవానికి మనల్ని పిలిచారు. అప్పటికి నీది నీ చేతిలో ఉండాలి” అన్నాడు.

ఆ రోజు అన్నం తినేటప్పుడు వదిన అంది: “ఏమండీ, నేను వారమంతా చుట్టేవి ఇంకొకళ్ళ ఇళ్ళల్లో తిరుగుతాయి. ఇదొక్కటే నా చేతిలో మోగేది. ఆ కుర్చీ నేను వదలను.”

“వదలకు. కొత్తది కొనాలంటే మాత్రం షాపు అమ్మాలి.”

“కొంటానని ఎవరన్నారు? చేస్తాను.”

అన్నయ్య తల పైకెత్తి చూశాడు. “అయితే ముందు మన ఇంటి ఫ్యాను చెయ్యవే. చచ్చి రెండు నెలలైంది.”

“అది తర్వాత.”

అలా మొదలైంది. వదిన ఆ గిటారుకి డబ్బు పెట్టలేదు, మోటార్లు పెట్టింది. సంగీతం సామాన్ల షాపువాడి అటక మీద ఒక చిన్న బేస్ గిటారు, స్కూటరు మీంచి పడి ఒళ్ళు ముక్కలైనది, మెడ మాత్రం చెక్కుచెదరకుండా పడుంది. ఆ మెడకి బదులు వాడి నీళ్ళ మోటారు చుట్టిచ్చింది. తీగలు బిగించే చెవులు దానికి రెండే మిగిలాయి, తెల్లవి. ఇంకో రెండు నల్లవి ఎక్కడినుంచో సంపాదించింది. నలుపూ తెలుపూ కలిసిన ఆ తల చూస్తే మా అన్నయ్య మీసమే గుర్తొచ్చేది. తీగలు కింద తగిలించే బ్రిడ్జి, లేతు పనివాడు ఇనప ముక్కలో కోసిచ్చాడు. వాడి గ్రైండరు ఆరు నెలలుగా మా దగ్గరే మూలుగుతోంది, అది బాగైంది. తీగ మోతను పట్టి స్పీకరుకి పంపే పికప్ అయితే ఊరికే వచ్చినట్టే: పాత స్పీకరు అయస్కాంతం, నాలుగు బోల్టులు, వాటి చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగి తీగ. కాయిల్ చుట్టడం మా వదినకి ఎవడు నేర్పాలి? ఆవిడ చుట్టిన తీగ విప్పి పరిస్తే మా షాపు నుంచి సముద్రం దాకా వెళ్ళి, కాళ్ళు కడుక్కుని తిరిగొస్తుంది.

ఇక ఒళ్ళు. గట్టి, పాత, బాగా ఆరిన చెక్క కావాలి. అలాంటిది ఇంట్లో ఒక్కటే ఉంది. మా అమ్మ మంచం తలాపు పలక.

“తలాపు కోసుకుపోతే నేను తల ఎక్కడ పెట్టుకోవాలే?” అంది అమ్మ.

“దిండు మీద అత్తయ్యా. రోజూ అక్కడేగా పెట్టుకుంటున్నారు.”

“మరి ఆనుకుని కూర్చోవద్దూ?”

“గోడ ఉంది. మంచం ఇటు జరుపుతాను.”

“నీకు ఒళ్ళంతా సమాధానాలే” అని అమ్మ దిండు తీసుకుని లేచింది. అలిగిందేమో అనుకున్నాం. రంపం పొట్టు నేల మీద పడకుండా పాత దుప్పటి తెచ్చి పరిచింది. పలకను వదిన కోసింది, నేను పట్టుకున్నాను. పట్టుకోవడం చిన్న పనని అనుకునేవాళ్ళు ఒకసారి పట్టుకుని చూడాలి.

మా షాపులో చదువంటే ఒక్కటే: పాతదాన్ని విప్పు, చూడు, అలాగే చుట్టు. ఎందుకలా అని అడిగే పని లేదు. పాతది ఎలా ఉందో కొత్తది అలాగే ఉంటే మోటారు తిరుగుతుంది. లిఫ్ట్ ఆపరేటరు వెళ్ళేముందు వదిన ఆయన గిటారు మీద మెడ పైచివర నుంచి బ్రిడ్జి దాకా ఒక రాగి తీగ ఆనించి, సరిగ్గా అంత కత్తిరించి దాచుకుంది. ఇప్పుడు మంచం పలకకి మెడ బిగించి, ఆ తీగను మెడ పైచివర నుంచి పరిచి, అది ఎక్కడ ఆగితే అక్కడ బ్రిడ్జి బిగించింది. రంగు వెయ్యలేదు. వార్నిష్ కొట్టింది, కాయిల్స్‌కి కొట్టేదే.

ఆదివారం పొద్దున టైర్ల షాపు పైగదిలో ప్రాక్టీసు. మాస్టారు ఆర్గన్ దగ్గర, డ్రమ్ముల దగ్గర బస్ కండక్టరు, ఓ మూల కుర్చీలో బ్యాంకు గుమాస్తా, ఆయన ఒళ్ళో ఎర్ర గిటారు. దాని మెరుపులో మన మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. వదిన తన మంచాన్ని సంచిలోంచి తీసింది. కండక్టరు ఎగాదిగా చూసి, “అక్కా, దీనికి దోమతెర కట్టలేదేం?” అన్నాడు.

“వాయించాక కడతాను. ముందు నువ్వు కర్రలు తియ్యి.”

మొదటి పాట అదిరింది. కింద టైర్ల షాపువాడు గాలి పట్టడం ఆపి పైకి చూశాడట. పాటంతా మెడ మీద, తల వైపున్న మెట్ల మీదే నడిచేది కాబట్టి సరిపోయింది. రెండో పాటలో వేళ్ళు మెడ మీద ఒంటి వైపు జరగాలి. జరిగేకొద్దీ స్వరం దిగజారడం మొదలైంది. ఆర్గన్ ఒకచోట, వదిన ఇంకోచోట. మాస్టారు ఆపేశాడు.

“అక్కా, పాట చివరి స్టాపుకి టిక్కెట్టు తీసుకుంది, నువ్వు ముందు స్టాపులోనే దిగిపోయావ్” అన్నాడు కండక్టరు.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన అద్దాలు తుడుస్తున్నాడంటే మాట వెతుక్కుంటున్నాడని అర్థం. “అమ్మా, మోత బాగుంది. శ్రుతి లేదు.”

గుమాస్తా లేచాడు. “పోనీ నాది వాయించి చూడండి మేడమ్.”

“మీది మీరు వాయించుకోండి సార్” అని, వదిన మాస్టారి వైపు తిరిగింది. “శనివారం ప్రోగ్రాముకి ముందు ఒకసారి వినండి. అప్పుడు చెప్పండి.”

“శనివారం పొద్దున్నే రా. పలికితే సాయంత్రం నువ్వు కూర్చుంటావు. పలకలేదా, ఈయన కూర్చుంటాడు. ఇక ఎప్పటికీ ఈయనే. నన్ను తిట్టుకోకూడదు.”

“పలుకుతుంది” అంది వదిన.

దారి పొడవునా నేను ఆ ఎర్ర గిటారు మీద చాలా చెప్పాను. దాని లోపల చెక్క లేదు, అట్టముక్కలేనన్నాను. వదిన వినలేదు. ఇల్లు చేరగానే పికప్ విప్పింది. మోటారు సరిగా తిరక్కపోతే తప్పు కాయిల్‌దే అయివుంటుంది కదా! మొత్తం విప్పి మళ్ళీ చుట్టింది. బిగించి వాయించింది. మోత ఇంకా గట్టిగా వచ్చింది, తప్పు కూడా అంతే గట్టిగా వినిపించింది. మర్నాడు మళ్ళీ విప్పింది, మళ్ళీ చుట్టింది. షాపులో కస్టమర్ల మోటార్లు వరసకట్టాయి. అన్నయ్య ఒక్కొక్కళ్ళకీ మీసం మెలేస్తూ, “మేస్త్రి పెద్ద పనిలో ఉన్నారు” అని చెబుతున్నాడు. లోపల మాత్రం నాతో, “ఆ బ్యాంకాయన నిజంగా బాగా వాయిస్తాడంటావా?” అని అడిగాడు.

గురువారం మధ్యాహ్నం అమ్మ దుమ్ము దులుపుతోంది. గిటారు అయినా సరే, అది తన మంచమేనని అమ్మ లెక్క. రోజూ గుడ్డతో తుడిచేది. ఒక చేత్తో గుడ్డ తీగ మీద ఆనించి, రెండో చేతి గాజు కిందెక్కడో తగిలించినట్టుంది. చిన్న గంట కొట్టినట్టు సన్నగా, తేటగా మోగింది.

“ఏమే, నా మంచం గంట కొడుతోందే!”

వదిన చేతిలో ప్లయర్ అలాగే పట్టుకుని వచ్చింది. “కదలకండి అత్తయ్యా. గుడ్డ ఎక్కడ ఆనింది?”

“ఇక్కడ. నేనేం విరగ్గొట్టలేదు, ముందే చెబుతున్నా.”

వదిన ఆ చోట వేలు ఊరికే ఆనించి మీటింది. మళ్ళీ గంట. కాస్త అటు, మొద్దు చప్పుడు. కాస్త ఇటు, మొద్దు చప్పుడు. ఆ ఒక్క చోటే గంట. టేపు తెచ్చి కొలిచింది. అది తీగకి సరిగ్గా నడిమధ్య. తర్వాత మెడ మీద రెండు చుక్కలున్న మెట్టు చూసింది. అదే స్వరం పై స్థాయిలో పలికే చోటు తీగ మధ్యలోనే ఉండాలి కాబట్టి, మెడ చేసినవాడు తీగ నడుము ఉండాల్సిన చోటే ఆ చుక్కలు పెట్టాడు. గంట మాత్రం చుక్కలు దాటి ఒక అంగుళం అవతల మోగుతోంది.

వదిన నేల మీద చతికిలబడింది. నవ్వింది.

“మెడ చిన్న గిటారుది. కొలత పెద్ద గిటారుది. పొట్టివాడికి పొడుగువాడి ప్యాంటు కుట్టాను.”

“పాతదాన్ని చూసే కదా చేశావ్?” అన్నాడు అన్నయ్య గుమ్మంలోంచి.

“దీనికి పాతది లేదండీ. ఇలాంటిది ఇదే మొదటిది.”

బ్రిడ్జి విప్పి ఒక అంగుళం మెడ వైపు జరిపి బిగించింది. తప్పు సగమే పోయింది. నేను గుండెలు బాదుకోబోయాను. ఆవిడ టేపు వైపు చూస్తూ, “తీగ ఒక అంగుళం తగ్గితే నడుము అరంగుళమే జరుగుతుంది. ఇంకో అంగుళం” అని మళ్ళీ విప్పింది. ఈసారి బ్రిడ్జి వచ్చి, కిక్కిరిసిన బస్సులో మూడో మనిషిలా పికప్‌ని ఒరుసుకుని కూర్చుంది. చుక్కల మెట్టు మీద వేలు ఆనిస్తే గంట. అదే మెట్టు మీద నొక్కితే అదే స్వరం. అమ్మ గుడ్డ భుజాన వేసుకుని, అంతా తన చేతి చలవే అన్నట్టు లోపలికి వెళ్ళింది.

పలక మీద బ్రిడ్జి ముందు బిగించిన చోట్ల స్క్రూల బొక్కలు రెండు వరసలు మిగిలాయి. అన్నయ్య లప్పం తెచ్చాడు.

“పూడ్చకండి” అంది వదిన. “రేపు ఇంకెవరైనా చేయించుకుంటే ఎక్కడ బిగించకూడదో చూసుకోవాలిగా.”

శనివారం పొద్దున టైర్ల షాపు పైగదిలో మళ్ళీ అదే మనుషులు. వదిన మొదటి పాట జోలికి పోలేదు, నేరుగా రెండోదే మొదలుపెట్టింది. వేళ్ళు మెడ మీద ఒంటి వైపు జరిగాయి, స్వరం వాటి వెంటే నడిచింది. కండక్టరు ఆపుకోలేక పాట మధ్యలోనే “రైట్ రైట్!” అని అరిచాడు. మాస్టారు కళ్ళజోడు తియ్యలేదు. ఆఖరి దాకా వాయించి, “సాయంత్రం ఆరింటికి హాల్లో ఉండు” అన్నాడు.

గుమాస్తా పెద్దమనిషి, ఒప్పుకోవాలి. ఎర్ర గిటారు పెట్టెలో సర్దుకుంటూ, “ఎప్పుడైనా మేడమ్‌కి కుదరకపోతే నాకు కబురు చెయ్యండి” అన్నాడు.

“కుదురుతుంది” అంది వదిన.

ఆ సాయంత్రం ప్రెస్సువాళ్ళ హాల్లో ఏం జరిగిందో చూడనివాళ్ళకు చెప్పడం కష్టం. మా వదిన లావు తీగను మొదటిసారి లాగగానే స్టేజి మీద పూలకుండీలు రెండడుగులు నడిచాయి. పక్క షెడ్డులో ఎవరూ ముట్టుకోకుండానే ముద్రణ యంత్రాలు తిరగడం మొదలెట్టి, వచ్చే వారం పేపరు ఆ సాయంత్రమే అచ్చేశాయి. హాలు హాలంతా లేచి నిలబడి, ఆఖరి పాట దాకా కూర్చోవడం మరిచిపోయింది.

ఇదంతా రాసి వదినకి చదివి వినిపించాను. చేతిలో కాయిల్ ఆపకుండా విని, అంది:

“ఎవరూ లేచి నిలబడలేదు. కుర్చీలు చాలక వెనకవాళ్ళు మొదటినుంచీ నిలబడే ఉన్నారు. మూడో పాటలో ఒకచోట తప్పు మెట్టు నొక్కాను, మాస్టారు చూశారు. అయినా ఆదివారం ప్రాక్టీసుకి రమ్మన్నారు. అంతే.”