బోగ్దాన్ అనే పేరు

మొన్న మా బాబాయి కొడుకు గృహప్రవేశం కార్డు వచ్చింది. ఆ నున్నటి కాగితం వాసనకు ప్రత్తిపాడులో మా కొట్టు గుర్తొచ్చింది. ఎనభైల్లో బాబాయి చదివేసిన, తెలుగులో వచ్చే రష్యా పత్రికలతో అక్కడ కారం పొట్లాలు కట్టేవాళ్లం.

బాబాయి పార్టీ మనిషి. పెళ్లయిన పదేళ్లకు కొడుకు పుడితే, దేవుడి పేరు వద్దు, బోగ్దాన్ అని పెడతానన్నాడు. కొండకు మొక్కుకున్న నాయనమ్మ మాత్రం, "ఆ పేరైతే నేను ఉయ్యాల దగ్గరికే రాను" అని భీష్మించుకుంది.

బారసాల ముందురోజు పొట్లాల కాగితాల్లో పైనున్నది చదివాను. అది రష్యావాళ్ల పూర్వీకులైన స్లావుల పాతపేర్ల గురించి. బోగ్దాన్ అంటే దేవుడిచ్చినవాడట. పూర్వం అక్కడ ఎన్నాళ్లకో కలిగిన బిడ్డకు ఆ పేరు పెట్టుకునేవారట. పాపం, బాబాయికి ఈ సంగతి తెలియదనుకున్నాను. సరుకు ఒకటే, కొనేవాళ్లు ఇద్దరు.

ముందు నాయనమ్మకు రెండు నువ్వుండలకు అమ్మాను. ఆమె మూడోది కూడా చేతిలో పెట్టి, "మీ బాబాయితో అనకే, పేరు మార్చేస్తాడు" అంది. మర్నాడు పిల్లాడి చెవిలో ఆ పేరు మొదట చెప్పింది ఆమే.

తర్వాత, ఆ పేరుకి అర్థం పార్టీవాళ్లకు చెప్పకుండా నోరు మూసుకోవడానికి ఏమిస్తావని బాబాయిని అడిగాను.

"నాయనమ్మ ఏమిచ్చిందే?"

"మూడు నువ్వుండలు."

"మంచి రేటే వచ్చింది. ఆ కాగితం పైన పెట్టినందుకు అందులో నాకొకటి రావాలి."

ఇచ్చాను. బాబాయికి అర్థం తెలియదనే నాయనమ్మ పోయేదాకా నమ్మింది. ఆ ఒక్క సంగతీ నేను ఎవరికీ అమ్మలేదు.