చిన్నాయనకు చెప్పని సగం

ఆ ఇంటర్వ్యూకి నేనూ వెళ్ళాను. ఈ సంగతి అమ్మకు తెలియదు, నాయనకు తెలియదు, హేమకు అసలే తెలియదు. రోజూ డైరీ రాసే అలవాటున్నదాన్ని, అందులో కూడా రాయలేదు. నాలుగేళ్ళుగా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

హేమ మా చిన్నాయన కూతురు. పేరు మార్చాను. నాకంటే రెండేళ్ళు చిన్నది. మేము తిరుపతిలో ఉంటాం, వాళ్ళు చిత్తూరులో. చిన్నాయనకు అక్కడ బెల్లం మండీలో ఒక అంగడి ఉంది. చిన్నప్పుడు సెలవులకు హేమ మా ఇంటికొస్తే నాయన మా ఇద్దరినీ స్కూటరు మీద రేణిగుంట వైపు తీసుకెళ్ళి దిగే విమానాలు చూపించేవాడు. హేమ కింద నుంచి చేతులూపేది. నేను ఇంటికొచ్చి వాటి గురించి చదివేదాన్ని. మొదట ఎవరు ఎగిరారు, ఎంతసేపు ఎగిరారు, ఏది ఎందుకు కూలింది. నలుగురిలో నోరు తెరవలేని నాకు ఈ కథలు మాత్రం కంఠతా వచ్చు.

తిరుపతిలో ఒక హోటల్లో ఎయిర్‌హోస్టెస్ ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు పెట్టారు. రెండు రోజులు. మొదటి రోజు హేమకు తోడుగా వెళ్ళాను. రెండో రోజు లైబ్రరీకని చెప్పి ఒక్కదాన్నే వెళ్ళాను. మీ గురించి చెప్పండి అన్నారు. ప్రపంచంలో మొదటి విమానం గురించి అడిగి ఉంటే చెప్పేదాన్ని. నా గురించి చెప్పడానికి నాకేమీ దొరకలేదు. అక్కడున్న ఆవిడ జాలిపడి మంచినీళ్ళ గ్లాసు నా ముందుకు జరిపింది. తాగి, థాంక్స్ చెప్పి లేచి వచ్చేశాను. ఆ గదిలో నేను పలికిన మాట అదొక్కటే.

హేమ సెలెక్ట్ అయింది.

చిన్నాయన మొదట గొణిగినా మెత్తబడ్డాడు. బజారుకు పోయి దానికొక ట్రాలీ బ్యాగు కూడా కొన్నాడు. చక్రాలు సరిగ్గా తిరుగుతున్నాయో లేదో అని నడవాలో అటూ ఇటూ లాగుతుంటే, ఇన్నాళ్ళూ బెల్లం బుట్టలు మోసినాయనకు ఇప్పుడు బండి దొరికిందని చిన్నమ్మ ఎగతాళి చేసింది. అంతలో ఎక్కడో ఒక విమానం కూలింది. టీవీలో పొద్దస్తమానం అదే మంట. చిన్నాయన ఆ బ్యాగును మూలకు నిలబెట్టి ఇక లాగలేదు.

ఆ ఆదివారం మేము వాళ్ళింట్లో ఉన్నాం. హేమ జాకెట్లు తెచ్చుకోవడానికి దర్జీ దగ్గరికి పోయింది. అందరం భోజనాలకు కూర్చున్నాం. చిన్నాయన ముద్ద కలుపుతూ నావైపు తిరిగాడు.

"నువ్వు బుక్కులు సదివేదానివి. నిజం చెప్పు మే. దాన్ని పంపించొచ్చునా?"

నేను చెప్పడం మొదలుపెట్టాను. జనాన్ని ఎక్కించుకున్న మొట్టమొదటి జెట్ విమానానికి కిటికీలు దాదాపు చదరంగా ఉండేవని, ఆ మూలల దగ్గర బీటలు పుట్టి అది గాల్లోనే ముక్కలైందని, కొన్నాళ్ళకు అలాంటిదే ఇంకొకటి పోయిందని చెప్పాను. ఒక దీవిలో పొగమంచులో రెండు పెద్ద విమానాలు నేలమీదే గుద్దుకుని వందల మంది కాలిపోయారని చెప్పాను. దారి ఖాళీ అయిందో లేదోనని ఒక విమానంలోని చిన్న ఉద్యోగి మెల్లగా అడిగితే, కెప్టెన్ అతని మాట కొట్టిపారేశాడని కూడా చెప్పాను. నా గొంతు వణకలేదు. అందరూ తినడం ఆపారు.

"లోపల పని జేసే పిల్లోళ్ళు గూడానా?"

"వాళ్ళు గూడా, చిన్నాయనా."

"ఇప్పుడు గూడా అట్లే పడతాయా?"

"ఏమో చిన్నాయనా. ఎవురు చెప్పగలరు."

నేను చెప్పగలను. అదే నా తప్పు. సముద్రంలోంచి ఆ ముక్కలన్నీ ఏరి, అలాంటి విమానాన్నే ఒక పెద్ద నీళ్ళ తొట్టిలో పెట్టి, అది పగిలేదాకా మళ్ళీ మళ్ళీ లోపలి ఒత్తిడి పెంచి చూసి, బీట ఎక్కడ పుడుతుందో పట్టుకున్నారని నాకు తెలుసు. అప్పటినుంచి విమానాల కిటికీలు గుండ్రంగా చేస్తున్నారని తెలుసు. ఆ పొగమంచు తర్వాత పైలట్లు వాడే మాటలే మార్చారని, అనుమానం వస్తే అందరికంటే చిన్నవాడైనా గట్టిగా చెప్పాలని నేర్పుతున్నారని తెలుసు. కూలిన ప్రతి విమానం తర్వాతివాటిని కాస్త గట్టిచేసింది. కథలో ఆ సగం నేను నోట్లోనే ఉంచుకున్నాను. ఎక్కడో ఎప్పుడో చచ్చిపోయిన వందల మందిని చిత్తూరులో మా చిన్నాయన ఇంటికి సాక్ష్యానికి పిలిచాను, అదీ ఒక పిల్ల ఉద్యోగానికి పోకుండా ఆపడానికి.

ఎందుకు చేశాను? అసూయ అని రాస్తే సులభం. అది ఉంది, కాదనను. హేమ వెళ్ళిపోతే నాతో మాట్లాడేవాళ్ళు ఉండరన్న భయమూ ఉంది. కానీ ఆ భోజనాల దగ్గర నాకు కలిగింది సంతోషం. హోటల్ గదిలో రాని మాటలు అక్కడ వరసగా వచ్చాయి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నా మాట కోసం ఒక ఇల్లంతా చేతులు ఆపుకుని కూర్చుంది, ఇంకొంచెంసేపు వాళ్ళనలా కూర్చోబెట్టడానికి నేను దేన్నైనా పణంగా పెట్టేదాన్నేమో. పెట్టాను కూడా. అది నా సొమ్ము కాదు.

చిన్నాయన పంపనన్నాడు. ఎందుకని హేమ ఎంత ఏడ్చి అడిగినా, నాకు ఇష్టం లేదు అన్నాడే తప్ప నా పేరెత్తలేదు. చిన్నమ్మనూ ఎత్తనివ్వలేదు. చేరాల్సిన తేదీ దాటిపోయింది. ఆ తర్వాత హేమ శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో చేరింది. తడలో హాస్టలు. షిఫ్టంతా నిలబడే పని. ట్రాలీ బ్యాగును ఇంట్లోనే వదిలేసి గుడ్డసంచిలో బట్టలు పెట్టుకుని పోయింది. అప్పటినుంచి తండ్రితో మాట్లాడదు. నాకు మాత్రం సెలవు దొరికినప్పుడల్లా ఫోన్ చేస్తుంది. మా నాయన నీ మాదిరి నాలుగు బుక్కులు సదివుంటే నన్ను పంపించుండునక్కా అంటుంది. నేను ఊఁ అంటాను. ఊఁ అని ఊరుకునేదాన్ని ఏమనాలి?

ఈమధ్య చిన్నాయనకు కంటి ఆపరేషను జరిగింది. కట్టుతో బయటికొచ్చి, హేమ వచ్చిందా అని అడిగాడు. రాలేదని చిన్నమ్మ చెప్పింది. నేను ఆయన చేయి పట్టుకుని ఉన్నాను. ఆ చేతిని వదిలేయాలనిపించింది.

కట్టు విప్పాక ఒకరోజు మండీకి వెళ్ళాను. నల్లద్దాలు పెట్టుకుని బెల్లం దిమ్మెల మీద గోనెపట్టా కప్పుతున్నాడు. నిలబడే చెప్పాను. ఆ రోజు నేను చెప్పింది సగమేనని, మిగతా సగం తెలిసే దాచానని. గుండ్రటి కిటికీల గురించి, మార్చిన మాటల గురించి, అన్నీ. హేమకు కూడా ఈరోజే ఫోన్ చేసి చెప్పేస్తానన్నాను. ఇంటర్వ్యూ సంగతి మాత్రం అప్పుడూ నోరు దాటలేదు. అది ఇదిగో, మీకే మొదట. క్షమించమని అడగను, అడిగే మొహం కూడా లేదు. రాసినందుకు ఊపిరి కొంచెం ఆడుతోంది, అంతే.

చిన్నాయన నన్ను తిట్టలేదు. గోనెపట్టా అంచులు ఒక్కొక్కటే సర్దాడు. ఆ తర్వాత ఎక్కడ ఎదురుపడినా తల ఊపి పోవడమే. ఆ రోజు మండీలో, నావైపు చూడకుండా అన్నదే ఆయన నాతో అన్న చివరి మాట.

"దానికి చెప్పొద్దు మే. నాతో ఎట్లాగూ మాట్లాడదు. నువ్వు గూడా లేకుంటే, అది ఇంగ ఎవురితో మాట్లాడతాది?"