లక్కతో బిగించిన శృతి: కొరాపుట్ కొండ దిగి కొల్నార పెళ్లికి

ఈ ప్రయాణానికి మూలం ఒక రేడియో. డెబ్బైల్లో నేను కొరాపుట్ కొండల మీది ఫ్యాక్టరీ టౌన్‌షిప్‌లో ఎలక్ట్రీషియన్‌ని. ఒక సాయంత్రం షార్ట్‌వేవ్‌లో ఏదో విదేశీ స్టేషన్ తగిలింది. తీగ లేదు, తోలు లేదు, ఊదేవాడు లేడు, ఒట్టి కరెంటుతో పుట్టిన సంగీతం గదంతా నిండిపోయింది. రేడియో పాడైందని మా ఆవిడ దాని నెత్తిన రెండు మొట్టింది. నాకు మాత్రం అలాంటిది ఒకటి చేసి తీరాలనిపించింది. విశాఖపట్నం నుంచి ట్రాన్సిస్టర్లు తెప్పించి, టేకుచెక్క పెట్టెలో బిగించి, టార్చి బ్యాటరీలతో మోగే స్వరపెట్టె తయారు చేశాను. నాబ్ తిప్పితే స్వరం పైకీ కిందికీ వెళ్తుంది. టౌన్‌షిప్ వార్షికోత్సవంలో వాయిస్తానని అడిగితే సాంస్కృతిక కార్యదర్శి నవ్వేశాడు. "స్విచ్ వేస్తే మోగేది వాయిద్యం ఎలా అవుతుందండీ? ఆ లెక్కన మన సైరన్‌కీ దండ వెయ్యాలి" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. అసలైన సన్నాయి పక్కన నా పెట్టెను నిలబెట్టి చూడాలని ఆ రోజే పట్టుబట్టాను.

అవకాశం సింహాచలం ఇచ్చాడు. ఫ్యాక్టరీలో నా పక్క బెంచీ అతనిదే. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రాయగడ దగ్గర కొల్నారలో స్థిరపడిన రైతు కుటుంబం వాళ్లది. "మా సెల్లి పెళ్లికి రా గురూ. అప్పలస్వామి సన్నాయి ఇందువు గాని. నీ పెట్టి పసేటో కూడా అక్కడే తేలిపోద్ది" అన్నాడు. సెలవు పెట్టేశాను.

బయల్దేరే రోజు తెల్లవారకముందే లేచి, పక్క క్వార్టర్ వాళ్ల హార్మోనియం దగ్గర పెట్టుకుని శృతి సరిచేశాను. ఘాట్‌రోడ్డు కుదుపులకు నాబ్ కదలకుండా దాని చుట్టూ లక్క కరిగించి పోశాను. ఆ పనితనానికి నన్ను నేనే మెచ్చుకున్నాను. చలికాలం వెళ్లిపోయే రోజులే అయినా కొండ మీద పొద్దున్నే ఇంకా స్వెట్టరు కావాల్సిందే. కొరాపుట్‌లో రాయగడ వెళ్లే మొదటి బస్సు ఎక్కాను. అప్పటికి ఆ దారిలో రైలు లేదు. ఒడియా కండక్టరు పెట్టెను తట్టి "కణ బాబు ఎహా?" అన్నాడు, ఇదేమిటని. వాయిద్యమన్నాను. సామానైతే టాపు మీదికి, వాయిద్యమైతే ఒళ్లో పెట్టుకో అని అర టికెట్టు కొట్టాడు. నా పెట్టెను వాయిద్యమని ఒప్పుకున్న మొదటి మనిషి ఆయనే కాబట్టి మారు మాట్లాడకుండా డబ్బులిచ్చాను. లక్ష్మీపూర్‌లో బస్సు టీకి ఆగింది. టికిరి సంతకు వెళ్లేవాళ్లు అల్లం బుట్టలతో, కోళ్లతో ఎక్కారు. అక్కడి నుంచి బస్సు కొండ దిగుతున్న కొద్దీ గాలి వేడెక్కింది, నా స్వెట్టరు సంచిలోకి పోయింది. రాయగడ చేరేసరికి మిట్టమధ్యాహ్నం.

సింహాచలం ఎడ్లబండితో వచ్చాడు గానీ మొహంలో కళ లేదు. ఇంటికి చేరాక సంగతి వాళ్లమ్మ చెప్పింది. సన్నాయి పక్కన కూర్చుని ఆగకుండా ఒకే స్వరం పట్టి ఉంచే మనిషి ఉంటాడు. శృతి పట్టేవాడంటారు. "గుడారి ఊళ్లో పెళ్లికెల్లిన సుతోడు జొరమొచ్చి అక్కడే పడిపోయేడు బాబూ. ఈయేళప్పుడు మరొకణ్ని ఎక్కణ్నుంచి తెత్తాం?"

అరుగు మీద సన్నాయి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అప్పలస్వామి తల అడ్డంగా ఊపాడు. "సుతి నేకుండా నాను ఊదను. మా ఇంటా వంటా నేదు."

లోపలి నుంచి పెళ్లికూతురు గౌరి పసుపు కాళ్లతోనే గుమ్మంలోకి వచ్చింది. "మా నాన్న పోయే ముందు మాటిచ్చేడు అన్నయ్యా, నా పెళ్లికి అప్పలస్వామి సన్నాయే మోగుద్దని. అది నేకుండా నాను పీటల మీద కూకోను" అంది నాతో. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ముహూర్తం గోధూళి వేళకి. నేను పెట్టె మూత తీశాను. "శృతి నేను పడతాను" అన్నాను.

మగపెళ్లివారు దిగేటప్పుడు వాయించి చూద్దామనుకున్నాం. అప్పలస్వామి నా పెట్టె స్వరం విని, సన్నాయి మూతిలో ఊదే ఆకును సవరించుకుని దానికి కలిపాడు. మొదట్లో ఎంత బాగా కలిసిందంటే నాకు ఒళ్లు పులకరించింది. కాసేపటికి ఏదో కోస్తున్నట్టు అనిపించింది. సన్నాయి ఒక దారి, నా పెట్టె ఒక దారి. పెట్టె స్వరం పైపైకి పోతోంది, నాబ్ తిప్పుదామంటే లక్క! మగపెళ్లివారి పెద్దాయన చెవులు మూసుకున్నాడు. "ఏటిది, సన్నాయా, ఈలా? ఆపండెహె!" అప్పలస్వామి సన్నాయి దించేశాడు. పెట్టె ఒకటే ఇంకా కూస్తోంది. సిగ్గుతో చచ్చిపోయాను.

పెట్టె చంకన పెట్టుకుని పెరట్లోకి వెళ్లాను. అక్కడ డప్పులవాళ్లు గడ్డిమంట వేసి డప్పులు కాస్తున్నారు. కాచిన డప్పు మీద వేలితో కొడితే స్వరం పైకి లేస్తోంది. వేడికి పైకి లేస్తోంది! నా పెట్టె మీద చెయ్యి వేస్తే కాలింది. బండిలో ఎండ పడ్డది, పందిట్లోనూ దాని మీద ఎండే. ట్రాన్సిస్టర్లు వేడెక్కితే స్వరం మారుతుందని నాకు తెలియక కాదు. కొండ చలిలో శృతి చేసి, ఆ చలితో సహా లక్క పోసి మూసేశాను. అంతకంటే తెలివితక్కువ పని ఆ కొండ మీద ఎవరూ చేసి ఉండరు.

ఇక అక్కడ దిగులుపడుతూ కూర్చోదలచుకోలేదు. చాకుతో లక్కంతా గీకేశాను. సింహాచలం చేత పందిట్లో నీడపట్టున తడి ఇసుక పోయించి, అందులో పెద్ద కుండను పక్కకు ఒరిగించి, పెట్టెను కుండలో పెట్టాను. పెట్టె చల్లబడింది. పైగా కుండ లోపలి నుంచి స్వరం గుండ్రంగా, నిండుగా వచ్చింది. అప్పలస్వామి ఇంకా నమ్మలేదు. "మల్లీ నా పరువు తీత్తావేటి బాబూ?"

"ఈసారి నాబ్ మీంచి చెయ్యి తియ్యను. మీరు కళ్లతో చెప్పండి చాలు" అన్నాను.

గౌరి పీటల మీద కూర్చుంది. సన్నాయి మొదలైంది. పొద్దు వాలేకొద్దీ గాలి చల్లబడి, ఇప్పుడు స్వరం కిందికి జారాలని చూస్తోంది. జారినప్పుడల్లా అప్పలస్వామి కనుబొమ్మ లేస్తుంది, నా వేళ్లు గోరంత తిప్పుతాయి. వీపు పట్టేసింది, చెమట కళ్లలోకి కారుతోంది, తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు. ఎదురుగా ఏం జరుగుతోందో కూడా చూడలేదు. గట్టిమేళం మోగితే తాళి కట్టారని తెలిసింది. తలెత్తితే గౌరి ఏడుస్తూ నవ్వుతోంది.

ఆ ప్రాంతంలో పెళ్లయ్యాక మేళంవాళ్లను వరసలో కూర్చోబెట్టి తాంబూలం ఇస్తారు. నేను కుండలోంచి పెట్టె తీసుకుంటున్నాను. సింహాచలం వాళ్లమ్మ పళ్లెం దించబోతుంటే అప్పలస్వామి ఆపాడు.

"ఇంకో తాంబూలం ఎట్టు అమ్మీ."

"అందరికీ ఇచ్చేనే, ఇంకెవులికి?"

"మా సుతోడికి" అన్నాడు, తన పక్కన చాప మీద చోటు చూపిస్తూ.

తర్వాత చాలా పెట్టెలు చేశాను. వేడికీ చలికీ చెక్కుచెదరనివీ చేశాను, వాటికి మనిషి అక్కర్లేదు. ఇప్పుడు బజార్లో అలాంటివి ఎన్నయినా దొరుకుతాయి, నేనూ వాడుతున్నాను. కానీ కార్యదర్శి ప్రశ్నకు నాకు జవాబు దొరికింది మాత్రం నిలకడ లేని ఆ మొదటి పెట్టెతోనే. అది దారి తప్పుతుంటే పట్టుకుని ఉండాల్సి వచ్చింది, అలా పట్టుకున్నందుకే నన్ను మేళంలో కూర్చోబెట్టారు. ఆ కార్యదర్శికి ఈ సంగతి చెప్పాలనుకుంటూనే కొండెక్కాను గానీ, చెప్పాల్సిన అవసరం మళ్లీ కనిపించలేదు.

కొరాపుట్ నుంచి రాయగడకు ఇప్పుడు రైలుంది, కిటికీ పక్క సీటు దొరికితే వదలకండి. మీతో ఏ వాయిద్యం తీసుకెళ్లినా సరే, కొండ మీద శృతి చేసి తీసుకెళ్లకండి. దిగాక కాసేపు అక్కడి గాలికి వదిలి, అక్కడివాళ్ల పక్కన కూర్చుని అప్పుడు చేసుకోండి.