సుక్రి ఫైలులో ఒక వాక్యం

కొత్త ఫైలు అట్ట విప్పగానే వచ్చే జిగురు వాసన నాకు పడదు. ఇప్పుడు పనిచేస్తున్న విజయనగరం ఆఫీసులో బంట్రోతు కొత్త ఫైళ్ళ కట్ట తెచ్చి బల్ల మీద పెట్టినప్పుడల్లా కోపం వస్తుంది. ఎవరైనా అడిగితే తలనొప్పి అంటాను. ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి వేరే ఉంది. అరకులోయలో సుక్రి అనే మనిషిని పిచ్చాసుపత్రికి పంపించిన వాక్యం నేను రాసిందే. దాని నింద మోసింది మాత్రం మాణిక్యంగారు.

మాణిక్యంగారు అక్కడి చిన్న ఆసుపత్రిలో మనసు బాగాలేనివాళ్ళతో మాట్లాడే ఉద్యోగం చేసేవారు. తలుపు మీద కౌన్సెలర్ అని బోర్డు ఉండేది. కొండ ఊళ్ళవాళ్ళు మాత్రం మాటల డాక్టరమ్మ అనేవారు. పెద్ద చదువు చదివినా ఆవిడ తన శ్రీకాకుళం యాస వదులుకోలేదు. నేను ఆ గదిలో గుమాస్తాను. నలుగురిలో నోరు విప్పలేనిదాన్ని. డైరీ, దొరికిన పుస్తకాలు, అదే నా లోకం. ఆవిడ దగ్గరికి వచ్చినవాళ్ళ సంగతులు ఫైల్లో ఎక్కించడం నా పని.

ఆవిడ గదిలో కంటే డుంబ్రిగుడ సంతలో ఎక్కువ కూర్చునేవారు. అల్లం బుట్టల పక్కన నేల మీద చతికిలబడి, ఏం బాధ అని కాకుండా ఏ ఊరు, ఎవరి ఇంటి మనిషివి అని మొదలుపెట్టేవారు. సంతకొచ్చే కొండవాళ్ళ ఒడియా ఆవిడకు సరిగ్గా వచ్చేది కాదు. ఒక ముసలామె, “నీ మాట మేక నమిలినట్టుంది డాక్టరమ్మా” అని నవ్వితే, తానూ కలిసి నవ్వారు. నాకు చిన్నతనంగా అనిపించి తల దించుకున్నాను.

“నవ్వనీ గుంటా. నన్ను సూసి నవ్వినోలు నా కాడ ఏడ్డానికి సిగ్గుపడరు,” అన్నారు.

సుక్రి కూతురు నాలుగేళ్ళ వయసులో జ్వరంతో పోయింది. అప్పటినుంచి ఆమె ఎవరితోనూ మాట్లాడడం మానేసిందని భర్త సోమ్రా తీసుకొచ్చాడు. మాణిక్యంగారు ఒక్క ప్రశ్న వేయలేదు. ఆసుపత్రి అరుగు మీద రోజూ ఆమె ఎదురుగా కూర్చుని చేటలో సామలు బాగుచేసేవారు. కొన్నాళ్ళకు సుక్రి కూడా చెయ్యి కలిపింది. నేను ఫైలు పట్టుకుని పక్కన నిలబడితే, “ఏటి అప్పుడే రాసేత్తన్నావు? ఆవిడ సెప్పడం ఇంకా అవనేదు కదా,” అని ఆపేవారు.

ఆవిడ రెండు రోజులు సీలేరు వెళ్ళినప్పుడు సుక్రి నోరు విప్పింది, అదీ నాతో. “పాపకి రోజూ ముద్ద పెడతాను. రా, తిను అని పిలుస్తాను,” అంది. నాతో మాట్లాడిందన్న సంబరంలో నేను ఇంకేమీ అడగలేదు. జిగురు వాసన ఇంకా పోని ఆమె కొత్త ఫైలు విప్పి, ‘లక్షణాలు’ అని అచ్చువేసిన గడిలో, గుండ్రటి అక్షరాలతో, ‘చనిపోయిన బిడ్డకు రోజూ అన్నం పెట్టి, తినడానికి రమ్మని పిలుస్తుంది’ అని రాశాను. ఆసుపత్రి పెద్ద డాక్టరుగారు దాని చుట్టూ ఎర్ర సిరాతో గీత గీశారు.

“ఇంకేం కావాలి, కేసు స్పష్టంగా ఉంది. నీ దస్తూరి ముత్యాల్లా ఉందమ్మా,” అన్నారు.

మధ్యాహ్నానికి సుక్రిని జీపు ఎక్కించి పట్నం పంపేశారు. పొలంలో ఉన్న సోమ్రాకు కబురైనా పెట్టలేదు. జీపు వెనక నుంచి ఆమె నన్నే చూసింది. ఆ రోజు డైరీలో నేను రాసుకున్నది ఆ చూపు గురించి కాదు, దస్తూరి గురించి. ఆ పేజీ చింపలేదు. కోపం చల్లారినట్టు అనిపించినప్పుడల్లా తీసి చదువుతాను.

మాణిక్యంగారు తిరిగొచ్చి ఫైలు చదివారు. అరవలేదు. ఆ నెమ్మది నాకిప్పటికీ ఒళ్ళు మండిస్తుంది.

“సోమ్రాని అడిగేవా, ఆలింట్లో పోయినోలకి ఏటి సేత్తారో?”

“లేదండీ.”

“మీ ఇంట్లో తద్దినం పెడతారా?”

“పెడతారండీ.”

“కాకికి ముద్దెట్టి రమ్మని పిలుత్తారా?”

“నాన్నగారు పిలుస్తారండీ.”

“మరి మీ నాన్నగారిని ఏ ఆసుపత్రికి పంపిద్దాం?”

సోమ్రాను వెంటబెట్టుకుని ఆవిడ పట్నం వెళ్ళారు. మూడు వారాలు గుమ్మాల చుట్టూ తిరిగితే గాని సుక్రిని వదల్లేదు. అక్కడ అప్పటికే ఆమె జుట్టు కత్తిరించేశారు. ముక్కుకున్న మూడు పుడకలూ తీసి కవర్లో వేసి ఇచ్చారు. మాణిక్యంగారు ఆమెను ఇంటిదాకా దిగబెట్టి, అక్కడి పెద్దల ముందు కూర్చుని, ఇప్పుడేం చేయాలని అడిగారు. పిల్ల ఇన్నాళ్ళు పస్తులుంది, ముందు దానికి పెట్టాలి అన్నారు వాళ్ళు. పొయ్యి పక్కన సుక్రి ముద్ద పెడుతుంటే ఆవిడ ఆకు పట్టుకున్నారు. “రా, తిను,” అని సుక్రి మళ్ళీ పిలవడం, వాళ్ళ వెనకే వెళ్ళిన నేను దడి బయటినుంచే విన్నాను. లోపలికి వెళ్ళలేదు.

సుక్రి ఊరివాళ్ళు ఆసుపత్రి ముందుకొచ్చి కూర్చున్నారు. విచారణకు ఒక అధికారి వచ్చాడు. ఫైల్లో ఉన్నదాన్ని బట్టే చేశానని డాక్టరుగారు చేతులు దులుపుకున్నారు. ఇది ఎవరు రాశారని అధికారి అడిగాడు. నేను ఆ గదిలోనే, గోడకు ఆనుకుని ఉన్నాను.

“నా గదిలో కాయితం. నాదే,” అన్నారు మాణిక్యంగారు.

ఆవిడ ఉద్యోగం పోయింది. డాక్టరుగారికి ప్రమోషను వచ్చింది. ఆయన మీద నా కోపానికి లెక్కలేదు. నోరు విప్పని నా మీద అంతకంటే ఎక్కువ. నన్ను కాపాడమని ఎవరడిగారని ఆవిడ మీదా ఉంది. ఇప్పటికీ మనుషుల గురించి ఏ కాగితం రాయాల్సివచ్చినా, ఎదుటి మనిషి చెప్పడం అయిందా అని రెండుసార్లు అడుగుతాను. ఆఫీసులో నన్ను నత్త అంటారు, అననీ.

ఆవిడ అరకు వదిలిన రోజు, స్టేషనులో రైలెక్కాక కిటికీ ఊచలు పట్టుకుని, నన్ను క్షమించండి అన్నాను. ఆవిడ నా వేళ్ళు ఊచల మీంచి ఒక్కొక్కటే విప్పారు.

“నన్నెందుకు అడగడం? సుక్రి ఇల్లు నీకు తెలుసు.”