పాతర నింపిన కథ

కాలంలో వెనక్కి వెళ్లే యంత్రం సంగతి గురజాలలో మా ఇంటికి మొదట మోసుకొచ్చింది మా చిన్న మరిది. యుద్ధం రోజులు. గుంటూరు కాలేజీ నుంచి సెలవులకు వచ్చి, తాను రాసిన కథను వంటింటి గడప మీద కూర్చుని చదివి వినిపించాడు. నాకున్నవి మా నాన్నగారు ఇంట్లో దిద్దించిన అక్షరాలే. అందుకు ఆయనకు రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

కథలో ఒకడు యంత్రమెక్కి మా ఊళ్లో కరువొచ్చిన ఏడాదికి వెళతాడు. రాబోయే కాలం నుంచి తెచ్చిన జొన్నలతో మా పాతర నింపుతాడు. ఆ ఏడు పోయిన మా తోడికోడలు, నేను అక్కా అని పిలిచే మనిషి, బతుకుతుంది.

నాకు ఒళ్లు మండిపోయింది.

పాతరంటే జొన్నలు దాచుకునేందుకు నేలలో తవ్విన గొయ్యి. దిగేముందు దీపం దించి చూడాలి. ఆరిపోతే లోపలి గాలి మంచిది కాదని అర్థం. ఆ ఏడు కిరసనాయిలు లేదు, ఆముదమూ అడుగంటింది. "దీపమెందుకులేవే, రెండు గుప్పెళ్లు ఊడ్చుకొస్తా" అని అక్క దిగింది. మగవాళ్లు పైకి తీసేసరికి ప్రాణం లేదు. గింజలు మాత్రం కొంగున ముడేసి ఉన్నాయి. వాటితోనే పిల్లలకు అంబలి కాచాను.

"ఆ జొన్నలు ఎవరి పాతరలోవయ్యా?" అన్నాను.

"కథ వదినా! దానిక్కూడా లెక్కలేంది?"

"లేని గింజ పుడుద్దని చెప్తారా మీ కాలేజీలో?"

తల గోక్కున్నాడు. "పదార్థం కొత్తగా పుట్టదు, నశించదు అనే చెప్తారు."

"మరి ఇక్కడ నిండితే అక్కడ ఎవరిదో ఖాళీ అయినట్టేగా! ఇంకో ఇంటి ఆడది అడుగు ఊడవను దిగుద్ది. దాన్ని చంపి అక్కను బతికిచ్చావా?"

"పెద్దొదిన బతకాలనే రాశా. చానా కోపంగా ఉన్నావే!"

"ఉండదా? ఆ యంత్రమెక్కినోణ్ణి వట్టి చేతుల్తో పంపు. పాతరలోకి దీపం దించమను, చాలు."

"నూనె మాత్రం ఏడనుంచొస్తది? అదీ పదార్థమేగా!" అని ఎగతాళి చేశాడు.

"మన దేవుడి గూట్లోది పొయ్యమను. ఒక పూట దీపం కొండెక్కితే స్వామి ఏమనుకోడు. ఏడ తగ్గిందో మనకు తెలుస్తది."

మారుస్తానన్నాడు. పత్రికలో అచ్చయి వచ్చేసరికి పాతర నిండే ఉంది! చదివేవాళ్లకు దీపం కన్నా జొన్నలే ఇంపుగా ఉంటాయట.

నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. ఆ ఏడు మా ఇంట్లో ఆకలి తీరింది ఊరికే కాదు. ఆ నిండిన కడుపులకు బదులు తగ్గింది అక్క. దేవుడికి పెట్టే దణ్ణంలో సగం ఆమెకే. ఆ కథ ఎక్కడైనా మీ కంటబడితే, పాతర నిండే చోట కాస్త ఆగి, దీపం లేకుండా దిగిన మా తోడికోడలిని తలుచుకోండి.